ఏసీ ముందు కొనండి, ఆదా తర్వాత లెక్కేయండి

కొత్త ఏసీ కొంటే కరెంటు ఎంత మిగులుతుందని అడిగేవాళ్ళు రెండు రకాలు. కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి లెక్క వేసేవాళ్ళు మొదటి రకం. వాళ్ళకు ఈ సలహాలతో పనిలేదు, పేజీ తిప్పేయొచ్చు. మనసులో ఎప్పుడో కొనేసి, ఇంట్లోవాళ్ళను ఒప్పించడానికి ఒక లెక్క కావలసినవాళ్ళు రెండో రకం. కర్నూలు, కడపల్లో ఎండ 43 డిగ్రీలు దాటిన రోజున ఈ రెండో రకం జనాభా ఉన్నట్టుండి పెరుగుతుంది. ఇది వాళ్ళ కోసం రాసింది.

దుకాణానికి మధ్యాహ్నం రెండు గంటలకే వెళ్ళండి. కడపలో ఏడురోడ్ల దగ్గర బండి ఆపి, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయే ఆ ఎండలో నాలుగడుగులు నడిచి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోతే ఏ లెక్కయినా సరిగ్గానే కనిపిస్తుంది. పొద్దున పదింటికి పోయారంటే ప్రశ్నలు అడగాలనిపిస్తుంది.

లోపల ఏసీకి అంటించిన లేబుల్ మీద నక్షత్రాలుంటాయి. వాటిని మాత్రమే లెక్కపెట్టండి. కింద చిన్న అక్షరాల్లో కాల్చిన కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే ఐఎస్ఈఈఆర్ అని ఒక అంకె, ఏడాదికి ఇన్ని యూనిట్లని ఇంకో అంకె, ఆ లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో తేదీలు ఉంటాయి. అవి చదివితే తలనొప్పి. ఎందుకంటే స్టార్ల గీతను బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు ఒక్కచోట ఉంచరు. 2018లో ఆ ఐఎస్ఈఈఆర్ 4.5 ఉంటే అయిదు స్టార్లిచ్చారు. 2022 జులై నుంచి స్ప్లిట్ ఏసీకి అయిదు స్టార్లు కావాలంటే 5.0 ఉండాలన్నారు. 2026 జనవరిలో గీతను మళ్ళీ పైకి జరిపారు. అంటే 2018లో మీ బావ గొప్పగా కొన్న అయిదు స్టార్ల ఏసీ 2022 లెక్కకు నాలుగు స్టార్లది. ఇది బావకు చెప్పకండి. మీరు కూడా గోదాములో మిగిలిపోయిన పాత సరుకును అయిదు నక్షత్రాలు చూసి సంతోషంగా తెచ్చుకోండి.

ఎవరైనా ఆ అంకె సంగతే పట్టుకుని కూర్చుంటే, దాన్ని తలకిందులుగా వాడే పద్ధతి ఒకటుంది. మీ పాత ఏసీ అంకె 3.0, కొత్తదానిది 5.0 అనుకుందాం. అయిదును మూడుతో భాగించండి. 1.67 వస్తుంది. "67 శాతం ఆదా" అని ప్రకటించండి. అదే చల్లదనానికి పాతది 300 యూనిట్లు కాల్చే చోట కొత్తది 180 కాలుస్తుంది కాబట్టి మిగిలేది 40 శాతమేనని మీ ఇంట్లో టెన్త్ చదివే పిల్ల అంటుంది. పిల్లను ట్యూషన్‌కు పంపిన తర్వాతే ఈ చర్చ పెట్టుకోండి.

ఇక గంటలు. ఆదా లెక్కంతా గంటల్లోనే ఉంది. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని రాసేది 1,600 గంటల వాడకానికి. అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండువందల రోజులు. మన వైపు మామూలు ఇంట్లో ఏసీ గట్టిగా తిరిగేది మార్చి నెలాఖరు నుంచి జూన్, జులై దాకా, అదీ రాత్రి పడుకునే వేళ. నాలుగు నెలలు, రాత్రికి ఎనిమిది గంటలు వేసుకుంటే 960. ఇంత చిన్న అంకెతో ఎవరినీ ఒప్పించలేరు. అందుకని ఏడాదికి ఉన్న గంటలన్నీ తీసుకోండి, 8,760. పాతదానికీ కొత్తదానికీ గంటకు అర యూనిట్ తేడా ఉందనుకుంటే 4,380 యూనిట్లు. దాన్ని బిల్లులో అన్నిటికంటే పెద్ద రేటుతో, అంటే 9.75 రూపాయలతో హెచ్చించండి. 42,705 రూపాయలు! ఏసీ ధర 44 వేలు. ఏడాది తిరిగేసరికి ఏసీ ఉచితం, రెండో ఏడాది నుంచి లాభం. డిసెంబరు అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని ఏసీ వేసుకునేవాళ్ళకు ఈ లెక్క అక్షరాలా నిజం కూడా.

ఇక్కడ ఒక మనిషి గురించి హెచ్చరించాలి. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన చిన్నాయన ఒకరు దాదాపు ప్రతి ఇంటికీ ఉంటారు. ఆయన ఏసీ గురించి ఏమీ మాట్లాడడు. "బిల్లు ఏదిరా అబ్బీ, తీసుకురా" అంటాడు, అంతే. ఆ నాలుగు మాటలతో మీ 42,705 కూలిపోతుంది.

ఎట్లా కూలుతుందో చెబుతాను, తప్పించుకోవడానికైనా తెలిసుండాలి కదా. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళ కరెంటుకు మొదటి 30 యూనిట్లు 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. చిన్నాయన మీ ఇంటి ఫ్యాన్లు, ఫ్రిజ్జు, మోటారు, టీవీ అన్నీ కలిపి ఏసీ లేని నెలలో 150 యూనిట్లని ఫిబ్రవరి బిల్లు చూసి తేలుస్తాడు. మే నెల బిల్లు 450. అంటే పాత ఏసీ వాటా 300. కొత్తది 180 కాలిస్తే మొత్తం 330. ఇప్పుడు మిగిలిన 120 యూనిట్లు ఏ మెట్టు మీద మిగిలాయన్నది ఆయన ప్రశ్న. పై మెట్టు నుంచి కదా దిగేది: 400 పైన ఉన్న 50 యూనిట్లు 9.75 చొప్పున, ఆ కింద 70 యూనిట్లు 8.75 చొప్పున. 487.50, 612.50. కలిపితే నెలకు 1,100 రూపాయలు. నాలుగు నెలలకు 4,400. "పదేళ్ళకు నీ 44 వేలు తిరిగొస్తాయి. అంతవరకు ఆ ఏసీ ఉంటుందా?" అని కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆయనకు టీ ఇచ్చి పంపించండి.

చిన్నాయన లేని ఇళ్ళలో ఇంకో రకం తప్పు కూడా చేసుకోవచ్చు, ఎందుకో దీన్ని జనం చాలా ఇష్టంగా చేస్తారు. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగిస్తారు. 450 యూనిట్లకు కరెంటు చార్జీ 3,035 చిల్లర, అంటే యూనిట్ సగటున 6.75. దాంతో 120ని హెచ్చిస్తే 810 వస్తుంది. ఇది మీకే నష్టం, నిజం కంటే తక్కువ. తప్పు చేసేటప్పుడు మనకు లాభం వచ్చే తప్పు చేయాలి.

అసలైన మెలిక దేంతో పోలుస్తున్నామన్న దగ్గర ఉంది. పాత ఏసీ ఇంకా బాగానే పనిచేస్తుంటే పైన చెప్పిన పదేళ్ళ లెక్క. అది పాడైపోయి, ఎట్లాగూ ఏదో ఒకటి కొనక తప్పకపోతే లెక్క వేరు: అప్పుడు పాతదాన్ని మరిచిపోయి కొత్త మూడు స్టార్లదాన్నీ కొత్త అయిదు స్టార్లదాన్నీ పక్కపక్కన పెట్టాలి. 2022 గీత ప్రకారమే తీసుకుంటే, 3.8 ఉన్న కొత్త మూడు స్టార్లది ఇదే గదికి నెలకు దాదాపు 237 యూనిట్లు కాలుస్తుంది. తేడా 57 యూనిట్లు, 8.75 చొప్పున దగ్గర దగ్గర 500 రూపాయలు, నాలుగు నెలలకు 2 వేలు. ధరలో తేడా 8 వేలైతే నాలుగేళ్ళలో తీరిపోతుంది, అది మంచి బేరమే. మంచి బేరాలు మనకెందుకు? మీరు చేయవలసింది ఈ రెండు లెక్కలను కలిపేయడం. పాత డొక్కు ఏసీ కాల్చిన యూనిట్లలోంచి కొత్తదాని యూనిట్లు తీసేసి, 8 వేల ధర తేడాను అట్లా వచ్చిన ఆదాతో భాగిస్తే రెండేళ్ళ లోపే పెట్టుబడి వచ్చేసినట్టు చూపించొచ్చు. దుకాణంలో కుర్రవాడు కాలిక్యులేటర్ మీద చేసేది తరచుగా ఇదే. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ తగ్గింపును కూడా కరెంటు ఆదా ఖాతాలోనే రాసుకోండి. "ఆదాతోనే ఈఎంఐ కట్టేయొచ్చు" అని ఇంట్లో చెప్పండి. వడ్డీ లేకుండా పన్నెండు నెలలకైనా కంతు 3,667 రూపాయలవుతుంది. 1,100తో అది ఎట్లా తీరుతుందని అడిగితే, అడిగినవాళ్ళకు ఆర్థికశాస్త్రం తెలియదన్నట్టు ఒక నవ్వు నవ్వండి.

గది విషయానికొద్దాం. టన్ను అంటే బరువు కాదని, ఒక టన్ను మంచు ఒక రోజులో కరిగేటప్పుడు లాగేసుకునే వేడికి సమానమని చాలామందికి తెలియదు, తెలియకపోవడమే మంచిది. పది అడుగుల గదికి రెండు టన్నులది పెట్టించండి, పెద్దది తొందరగా చల్లబరుస్తుంది కదా. పై అంతస్తు పెద్ద హాలుకు మాత్రం ఒక టన్ను చాలు, చిన్నది తక్కువ కాలుస్తుంది కదా. ఇన్వర్టర్ ఏసీ ఆదా చేసేది గది చల్లబడిన తర్వాత కంప్రెసర్ వేగం తగ్గించుకుని నెమ్మదిగా తిరగడం వల్ల. ఒక టన్నుది పై అంతస్తు హాల్లో పెడితే దానికి నెమ్మదించే తీరికే దొరకదు, తెల్లారేదాకా పూర్తి వేగంతో పరుగెడుతుంది. లేబుల్ మీది అంకెకు కారణమైన పొదుపు గుణమంతా అక్కడే ఆవిరి.

ఆ అంకె పుట్టిన వాతావరణం కూడా మనది కాదు. ఐఎస్ఈఈఆర్ లెక్కలో బయటి వేడి 24 నుంచి 43 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ 1,600 గంటల్లో ఎక్కువ భాగం ముప్పై చుట్టుపక్కలవి. అంతకుముందు లేబుళ్ళ మీద ఉండిన ఈఈఆర్ అయితే బయట 35 డిగ్రీలున్నప్పుడు ఒక్కసారి కొలిచింది. 35 అంటే మే నెలలో కర్నూల్లో రాత్రి భోజనాల వేళ ఉండే వేడి. మధ్యాహ్నం నాలుగింటికి 43లో, అదీ పడమటి గోడకు, పైన రేకు, చుట్టూ ఇనుప గ్రిల్లు, ముందు ఆరేసిన దుప్పట్లు ఉన్న బాల్కనీలో బయటి యూనిట్ బిగిస్తే, అది వదిలిన వేడినే మళ్ళీ పీల్చుకుంటూ తిరుగుతుంది. కాబట్టి అక్కడే బిగించండి. బయట గోడకు పెడితే ఇంటి అందం చెడిపోతుంది.

మిద్దె మీద సున్నం కొట్టించడం లాంటి పనులకు డబ్బు తగలేయకండి. మిద్దెకు స్టార్లుండవు, చుట్టాలకు చూపించలేరు. మన తాతలు మట్టి మిద్దెల మీద చౌడు పరిచి, మూరెడు మందం గోడల మధ్య నాపబండల మీద పడుకున్నారు. మనం అవి పడగొట్టి నాలుగంగుళాల స్లాబు వేసుకున్నాం. పగలంతా తాగిన ఎండను ఆ స్లాబు రాత్రి భోజనాల తర్వాతే గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. సరిగ్గా మనం ఏసీ వేసే సమయానికి. అరచేయి పైకెత్తి సీలింగుకు ఆనిస్తే రాత్రి పదకొండింటికి కూడా వెచ్చగా తగులుతుంది. ఏసీ ఆ రాత్రంతా పోరాడేది గదిలోని గాలితో కాదు, ఆ స్లాబుతో. తెల్లసున్నం ఒక పూత వేస్తే ఆ పోరాటం కొంత తగ్గుతుంది, చిన్న ఏసీతో సరిపెట్టుకోవచ్చు కూడా. పక్కన తెలంగాణ 2023లో ఏకంగా చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. ఇవన్నీ మీ కొనుగోలు సరదాకు అడ్డం. పట్టించుకోకండి.

కూలర్ పేరు ఎత్తనే ఎత్తకండి. నెల్లూరువాళ్ళో బందరువాళ్ళో కూలర్ పెట్టుకుంటే ఒళ్ళు జిడ్డుకారుతుంది, వాళ్ళ గాలిలో ముందే సముద్రం ఉంది. మన గాలి పొడి గాలి. ఏప్రిల్, మే నెలల్లో తేమ బాగా తక్కువగా ఉన్న రోజు, గడ్డి కొత్తగా మార్చిన కూలర్ కిటికీకి పెట్టి ఎదుటి కిటికీ తెరిస్తే, బయట 42 ఉన్నా లోపలికొచ్చే గాలి ముప్పై లోపే ఉంటుంది. కాలేది రాత్రికి ఒకటిన్నర యూనిట్లు. బోరు నీళ్ళ సున్నం ఆ గడ్డికి తెల్లగా పేరుకుంటుంది, నీళ్ళు మోయాలి, అది వేరే సంగతి. జూన్‌లో మబ్బులు పట్టాయంటే కూలర్ పని అయిపోతుంది, అదీ నిజమే. కానీ ఏసీ ఆదాను కూలర్‌తో పోల్చితే మైనస్సులో వస్తుంది కాబట్టి ఆ పోలిక మన లెక్కలోకి రాకూడదు.

అంతగా కూలర్ మీద మమకారం పోకపోతే రెండూ కలిపి వేసుకోండి. తలుపులు మూసి, ఏసీ వేసి, ఆ గదిలోనే కూలర్ తిప్పితే డబుల్ చల్లదనం అని కొందరు నమ్ముతారు. జరిగేదేమిటంటే, కూలర్ నీటిని ఆవిరి చేసి గదిలోకి వదులుతుంది, ఏసీ ఆ ఆవిరిని పట్టి మళ్ళీ నీటిని చేసి పైపులోంచి బయటికి పంపుతుంది. ఒక లీటరు ఆవిరిని నీటిగా మార్చాలంటే దాదాపు 0.68 యూనిట్‌కు సమానమైన వేడిని ఏసీ బయటికి తోయాలి. ట్యాంకరు నీళ్ళు కూలర్లో పోసి ఏసీ పైపు కింద బకెట్ పెట్టి పట్టుకోవడం! మే నెలలో మామూలుగా ఆ పైపు చుక్కచుక్కగా కారుతుంది. శ్రావణంలో ధారగా వస్తుంది. మీ ఇంట్లో మేలోనే బకెట్ నిండుతుంటే, ఈ సలహాను మీరు నిష్ఠగా పాటిస్తున్నారన్నమాట.

కొత్త ఏసీ బిగించిన రోజు పాతదాన్ని ఏం చేయాలి? అమ్మితే మూడు నాలుగు వేలిస్తారు, మనసొప్పదు. "పనిచేసేదాన్ని పారేస్తామా" అని అవ్వ గదిలోనో పిల్లల గదిలోనో బిగించండి. ఆదా ప్రణాళికకు ఇదే ప్రాణం. కొత్తది 180, పాతది 300, ఇంటి మామూలు ఖర్చు 150. మొత్తం 630. బిల్లు 4,790 దాటుతుంది. కొనకముందు ఎంత? 3,035. ఇక్కడ ధైర్యం కోల్పోకూడదు. "కొత్తది లేకపోయుంటే రెండూ పాతవే తిరిగేవి, అప్పుడు ఇంకా ఎంత వచ్చేదో" అనండి. అవ్వకు చల్లగా ఉంటే నాకూ సంతోషమే, నిజంగానే. కర్నూలు మేలో డెబ్బై అయిదేళ్ళ మనిషికి ఏసీ విలాసం కాదు. కానీ దాన్ని ఆదా అని పిలవడానికి కొంచెం గుండె కావాలి.

రిమోట్ గురించి ఒకే మాట: 18. 2020 జనవరి నుంచి ఏసీ వేయగానే 24 దగ్గర మొదలయ్యేట్టు నిబంధన పెట్టారు, అది మిమ్మల్ని అవమానించడమే. 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, ఎక్కడ ఆగాలో మాత్రమే మారుతుంది. ఒక్కో డిగ్రీ తగ్గిస్తే సుమారు 6 శాతం ఎక్కువ కాలుతుందని బ్యూరో వాళ్ళు చెబుతుంటారు. పాత ఏసీని బిల్లు భయంతో 26లో పెట్టుకుని ఫ్యాన్ వేసుకున్నవాళ్ళు, కొత్తదాన్ని "అయిదు స్టార్లు కదా" అని 20కి దించితే, 180 కాస్తా 250 దాటుతుంది. మిగిలిన 120లో 70కి పైగా అక్కడే హారతి కర్పూరం. ఫిల్టరు కడగకండి. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు ఉన్నవాళ్ళు అయితే అసలే కడగకండి, ఆ రాతి దుమ్ము పొరలు పొరలుగా పేరుకుంటే గాలి వడకట్టినట్టు వస్తుంది. దానికి మందుగా ప్రతి వేసవికీ గ్యాస్ ఎక్కించండి, కారనిచోట గ్యాస్ తగ్గదన్న సంగతి మెకానిక్కుకు గుర్తుచేయకుండా.

ఆదా నిజంగా వచ్చిందా అని ఎవరైనా రుజువు అడిగితే, కొన్న తేదీని వాడుకోండి. ఏసీ జూన్ మొదట్లో కొని, మే బిల్లునూ ఆగస్టు బిల్లునూ పక్కపక్కన పెట్టండి. సగానికి సగం తగ్గి ఉంటుంది. తగ్గించింది వానలని ఎవరూ అనరు. పోయిన ఏడాది మే బిల్లుతో ఈ ఏడాది మే బిల్లు పోల్చాలని చిన్నాయన అంటాడు. ఆ స్లిప్పు బయట పెట్టకండి, రీడింగు తీసే అబ్బాయి చేతి మిషన్లోంచి చింపి ఇచ్చిన ఆ కాగితం మీద అచ్చు ఏడాదిలో దానంతటదే మాసిపోతుంది. సర్వీసు నంబరుతో పాత బిల్లులు ఫోన్లోనే చూడొచ్చని పిల్లలు కనిపెట్టకుండా చూసుకోండి.

మీటరు పెట్టె దగ్గరికి మాత్రం పొరపాటున కూడా పోకండి. దాని తెరమీద తేదీ, టైము, ఏవేవో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. వాటిలో కేడబ్ల్యూహెచ్ అని వచ్చే అంకెను రాత్రి పదింటికి ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి రాసుకుని, ఆ రెండిటి తేడాలోంచి ఏసీ వేయని రాత్రి తేడాను తీసేస్తే మీ ఏసీ ఆ రాత్రి ఎంత కాల్చిందో తేలిపోతుంది. పాతది ఉండగా వారం, కొత్తది వచ్చాక వారం రాస్తే, లేబుల్‌తో, దుకాణంతో, ఈ వ్యాసంతో పని లేకుండా మీ ఇంటి నిజం మీ చేతికొస్తుంది. పైసా ఖర్చు లేదు. అందుకే ఎవరూ చేయరు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా బిల్లు పెరిగితే దారి ఉంది. స్లిప్పు కింది భాగంలో ఇంధన సర్దుబాటు, ట్రూఅప్ అని కొన్ని పద్దులుంటాయి. అవి మీరు వాడిన యూనిట్లను బట్టే పడతాయన్నది వదిలేయండి. ఆ స్లిప్పు పట్టుకుని రచ్చబండ దగ్గరికి పోయి, "ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినారు, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం మనదే, మన కరెంటు మనకే ఈ రేటా?" అని గట్టిగా అడగండి. మాట మారిపోతుంది. అందరూ మీ పక్షాన నిలబడతారు. ఆ ఊపులోనే 2026 లేబుల్ ఉన్న ఇంకో ఏసీ ధర కనుక్కోండి, పాతదాన్ని ఎక్కడ బిగించాలో అవ్వను అడిగి పెట్టుకోండి.